ఆదిలాబాద్ చలిలో 50 కోడిపిల్లల బ్రూడర్: 28 రోజుల ప్రాజెక్టు డైరీ

గత ఏడాది ఇదే కాలంలో 30 పిల్లలను అట్టపెట్టెలో పెట్టి, పైన ఒక 100 వాట్ల బల్బు వేలాడదీసి, నాలుగు వారాలు తిరిగేసరికి 19 మిగుల్చుకున్నాను. పోయిన 11లో 8 మొదటి వారంలోనే పోయాయి. అప్పుడు రోగమనుకున్నాను కానీ, నేను ఒక్క రాత్రి కూడా పెట్టెలో వేడి ఎంతుందో కొలవలేదు. ఈసారి బ్రూడర్ (తల్లికోడి లేని పిల్లలను వెచ్చగా ఉంచే ఏర్పాటు) కట్టి, ప్రతిదీ కొలిచి రాసుకున్నాను. ఇదే పని చేయబోయేవారికి కొలతలూ తప్పులూ రెండూ పనికొస్తాయని ఆ రాతను ఇక్కడ పెడుతున్నాను.

గది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవున్న సిమెంటు రేకుల కొట్టం. జనవరిలో తెల్లవారుజామున గది లోపల 11 లేదా 12 డిగ్రీలుంటుంది, మధ్యాహ్నం రేకు కాలి 27 దాటుతుంది. కష్టమంతా ఈ తేడాతోనే వచ్చింది. పిల్లలు వనరాజా రకం. ఇది హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన రకం.

నేను పెట్టుకున్న లక్ష్యం అందరూ పాటించేదే. మొదటి వారం 35 డిగ్రీల సెల్సియస్, అంటే పాత లెక్కలో 95 ఫారెన్‌హీట్. ఆ తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గింపు. అంటే 35, 32, 29, 26.

దశ 1: చిక్‌గార్డు, హోవర్ (డిసెంబరు 27, 28)

1. నేల కడిగి, సున్నం పూసి, పూర్తిగా ఆరనిచ్చాను.
2. వరి ఊకను రెండు అంగుళాల మందాన పరిచాను.
3. ఎలక్ట్రానిక్స్ దుకాణంలో ఊరికే ఇచ్చిన రెండు ఫ్రిజ్ అట్టపెట్టెలను ఒకటిన్నర అడుగు ఎత్తుకు కోసి, 4 అడుగుల వ్యాసంతో గుండ్రంగా నిలబెట్టాను. పిల్లల చుట్టూ కట్టే ఈ అట్ట గోడే చిక్‌గార్డు. చుట్టుకొలత పన్నెండున్నర అడుగులు వస్తుంది కనుక, అతుకు కోసం మరో అడుగు అదనంగా ఉంచుకోవాలి.
4. వృత్తం నడుమ పైకప్పు పైపు నుంచి హోవర్‌ను, అంటే లోపల బల్బులు బిగించిన గొడుగులాంటి మూతను, గొలుసులతో వేలాడదీశాను.

గుండ్రంగానే ఎందుకంటే, చలి వేసినా భయం వేసినా పిల్లలు మూలకు చేరి ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. నా అట్టపెట్టెకు నాలుగు మూలలుండేవి.

హోవర్ కోసం మొదట ఇంట్లో ఉన్న వెదురు కోళ్లగంపనే బోర్లించి, లోపల రెండు 60 వాట్ల బల్బులు కట్టాను. మూడు గంటలకు కమురు వాసన వచ్చింది. గంపను తిప్పి చూస్తే బల్బుకు రెండు అంగుళాల దూరంలో వెదురు బద్ద మీద రూపాయి బిళ్లంత మేర గోధుమ రంగుకు మారి, గోటితో గీస్తే పొడిపొడిగా రాలింది. కింద ఎండు ఊక ఉంది, చుట్టూ అట్ట ఉంది. గంపను అప్పుడే పక్కన పడేసి, అటక మీదున్న రెండున్నర అడుగుల అల్యూమినియం బేసిన్ దించి, దానికి బెజ్జాలు వేసి నాలుగు పింగాణీ హోల్డర్లు బిగించాను. బరువంతా మూడు గొలుసుల మీదే ఉండాలి. కరెంటు తీగ మీద అరకిలో బరువు కూడా పడకూడదు.

వేడినిచ్చే పాతరకం బల్బులు దొరకడమే ఒక పని అయింది. ఎక్కడ అడిగినా ఎల్‌ఈడీలే చూపించారు. వాటితో వెలుతురే తప్ప పిల్లలకు సరిపడే వేడి రాదు. నాలుగో దుకాణంలో ఆయన పై అరలోంచి దుమ్ము పట్టిన పెట్టె దించి, "ఇవి ఎవలు కొంటున్నరు సార్ ఇప్పుడు" అంటూ 60 వాట్లవి ఐదు ఇచ్చాడు. 250 వాట్ల ఎర్ర ఇన్‌ఫ్రారెడ్ బల్బు ఒక్కటి పెడితే పని తేలికే. కానీ అది రాత్రి మూడింటికి కాలిపోతే వేడి మొత్తం పోతుంది. నాలుగు బల్బుల్లో ఒకటి పోయినా మూడు మిగులుతాయి.

ఖర్చు: హోల్డర్లు 160, బల్బులు 125, తీగ, ప్లగ్గు 210, డిజిటల్ థర్మోస్టాట్ 450, తీగ చివర సెన్సరున్న థర్మామీటర్లు రెండు 300, నీళ్ల డ్రింకర్లు రెండు 160, దాణా పళ్లేలు రెండు 140, ఊక మూడు బస్తాలు 120. కరెంటు కొలిచే మీటరు బావమరిది దగ్గర అరువు తెచ్చాను.

*ఇప్పటివరకు: ఖర్చు 1,665 రూపాయలు. కరెంటు 0 యూనిట్లు.*

దశ 2: పిల్లలు లేకుండా మూడు రాత్రులు (డిసెంబరు 29 నుంచి 31)

ఈ మూడు రాత్రులు దండగని ఇంట్లో అన్నారు. నాకైతే మొత్తం పనిలో ఎక్కువ నేర్పినవి ఇవే.

మొదటి రాత్రి పిల్లకు 2 వాట్ల లెక్కన 100 వాట్లు చాలునన్న వాడుక ప్రకారం రెండు బల్బులు, అంటే 120 వాట్లు వేశాను. తెల్లవారుజామున నాలుగింటికి బేసిన్ అంచుకు కట్టిన థర్మామీటరు 35.5 చూపించింది. సంతోషించి, అనుమానం కొద్దీ రెండో థర్మామీటరును ఊకకు రెండంగుళాల ఎత్తులో పెట్టి పది నిమిషాలు ఆగితే 26 చూపించింది. వేడిగాలి పైకి పోయి బేసిన్ బొజ్జలో నిలిచిపోతుంది. అప్పుడే పుట్టిన పిల్ల వీపు నేలకు రెండు మూడు అంగుళాల ఎత్తుకు మించదు. గత ఏడాది పెట్టెలో నా బల్బు కింద ఎంత వేడి ఉండిందో అప్పుడు అర్థమైంది.

రెండో రాత్రి నాలుగు బల్బులు, 240 వాట్లు. బేసిన్ నేలకు 18 అంగుళాల ఎత్తున ఉన్నప్పుడు పిల్ల ఎత్తులో రెండింటికి 34, ఐదింటికి 31. బేసిన్‌ను 13 అంగుళాలకు దించాక ఐదున్నరకు తీసిన కొలతలు ఇవి: నడుమ 35, బేసిన్ అంచు కింద 31, చిక్‌గార్డు పక్కన 22. ఈ మూడు అంకెలు ఒకదానికొకటి దూరంగా ఉండడమే మనకు కావలసింది. తల్లికోడి కింద కూడా వేడి ఒక్కచోటే ఉంటుంది. పిల్ల లోపలికి దూరి కాచుకుని, బయటికి వచ్చి తిని, మళ్లీ దూరుతుంది. వృత్తమంతా 35 చేస్తే పిల్లకు తప్పించుకునే చోటే ఉండదు.

మూడో రాత్రి థర్మోస్టాట్ కలిపాను. సెన్సరును నేలకు రెండంగుళాల ఎత్తున, నడుమకూ బేసిన్ అంచుకూ మధ్య, పిల్లలు పొడవకుండా చిన్న ప్లాస్టిక్ జాలీలో కట్టాను. ఆ చోట 34 వస్తే నాలుగు బల్బులూ ఆరిపోవాలి, 31కి పడితే నాలుగూ వెలగాలి. ఏడు గంటలు చూశాను, లోపం కనబడలేదు. ఖాళీ బ్రూడర్‌లో కనబడని లోపం అది.

*ఇప్పటివరకు: ఖర్చు 1,665. కరెంటు 6 యూనిట్లు.*

దశ 3: మొదటి రోజు, మొదటి రాత్రి (జనవరి 2)

హైదరాబాద్ నుంచి బస్సులో ఏడు గంటల ప్రయాణం. గుడ్డులోని పచ్చసొన మిగులు పొట్టలో ఉండడం వల్ల పిల్లలు రెండు మూడు రోజులు మేత లేకుండా తట్టుకుంటాయి కానీ, చలిని తట్టుకోలేవు. ఒంటి మీద నూగు తప్ప ఈకలుండవు, తమ వేడిని తాము నిలుపుకునే శక్తి అప్పటికి రాదు. అందుకే బ్రూడర్‌ను అవి రాకముందు నాలుగు గంటల నుంచే వెలిగించి ఉంచాను. గాలిని కాచితే చాలదు, ఊక కూడా వేడెక్కాలి. అరచేత్తో ఊకను తాకి చూసి మరీ దించాను.

1. ఒక్కొక్క పిల్ల ముక్కును గోరువెచ్చని బెల్లం నీళ్లలో ముంచి వదిలాను. లీటరుకు 50 గ్రాముల బెల్లం.
2. రెండు గంటల తర్వాతే స్టార్టర్ దాణాను పళ్లేల్లో చల్లాను.
3. ఊకను తినకుండా పైన వార్తాపత్రికలు పరిచాను. ఈ మూడో అడుగు తప్పు. ఎందుకో తర్వాతి దశలో రాశాను.

రాత్రి 3 గంటల 10 నిమిషాలకు అరుపులకు మెలకువ వచ్చింది. పక్క గదిలోంచి అమ్మ "గట్ల మొత్తుకుంటున్నయంటే సలి పెడుతున్నట్టే బిడ్డా" అంది. వెళ్లేసరికి బ్రూడర్ చీకటిగా ఉంది. థర్మోస్టాట్ తెర మీద 32.4 అని ఎర్రగా వెలుగుతోంది, అంటే అది తన పని తాను సరిగానే చేస్తోంది. టార్చి వేస్తే పిల్లలన్నీ అట్ట పక్కన ఒకే కుప్పగా ఉన్నాయి. కుప్పను రెండు చేతులతో విడదీస్తే అడుగున రెండు, కాళ్లు వెనక్కి చాచి, చపటగా అణిగిపోయి ఉన్నాయి. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది.

జరిగింది ఇది. వేడీ వెలుతురూ ఒకే బల్బు నుంచి వస్తున్నప్పుడు థర్మోస్టాట్ వేడిని ఆపితే వెలుతురు కూడా పోతుంది. చీకటి పడగానే పిల్లలకు హోవర్ ఎక్కడుందో తెలియదు. పైగా 34 నుంచి 31కి పడేందుకు చాలా నిమిషాలు పడుతుంది, అంతసేపూ అవి ఒకదాని కింద ఒకటి దూరుతూనే ఉంటాయి.

మార్చినవి:
1. రెండు బల్బులను థర్మోస్టాట్‌తో సంబంధం లేకుండా నేరుగా కలిపాను. అవి రాత్రంతా వెలుగుతాయి.
2. మిగిలిన రెండు మాత్రమే థర్మోస్టాట్ చేతిలో ఉంటాయి.
3. వెలిగే, ఆరే అంకెల మధ్య తేడాను 3 డిగ్రీల నుంచి 1 డిగ్రీకి తగ్గించాను.

ఆ తర్వాత 28వ రోజు దాకా మళ్లీ కుప్ప పడలేదు. ఈ డైరీలో ఒక్క మార్పు మాత్రమే తీసుకోదలిస్తే దీన్నే తీసుకోండి.

*ఇప్పటివరకు: పిల్లలు 48. ఖర్చు: పాతది 1,665, పిల్లలు 1,750, ప్రయాణం 400, దాణా 50 కిలోల బస్తా 2,100, మొత్తం 5,915.*

దశ 4: మొదటి వారం మిగతా రోజులు

*2వ రోజు.* మధ్యాహ్నం రేకు కాలి హోవర్ కింద 38కి వెళ్లింది. నేరుగా కలిపిన రెండు బల్బులు ఆగవు కదా. పిల్లలు అట్ట అంచున రెక్కలు వేలేసి, నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. సాయంత్రానికి ఏడు పిల్లలకు మలద్వారం దగ్గర రెట్ట ఎండి మూసుకుపోయింది. గోరువెచ్చని నీళ్లలో దూదిని తడిపి, నానబెట్టి, మెల్లగా తుడిచాను. పీకితే చర్మం చీరుతుంది. ఆ రోజు నుంచి పదకొండు నుంచి నాలుగు దాకా బేసిన్‌ను గొలుసు మీద 18 అంగుళాలకు ఎత్తడం, చీకటి పడేముందు మళ్లీ 13కి దించడం అలవాటు చేసుకున్నాను.

*3వ రోజు.* అంకెలన్నీ సరిగ్గా ఉన్నా పిల్లలన్నీ తూర్పు వైపే ముడుచుకున్నాయి. నడుమన ముడుచుకుంటే చలి, అంచులకు పోతే వేడి, చెదిరి పడుకుంటే సరి, ఒకే పక్కకు పోతే గాలి అని అందరూ చెప్పేదే. కానీ చేయి పెడితే గాలి తెలియలేదు. అగరుబత్తి వెలిగించి నేలకు మూడంగుళాల ఎత్తున పట్టుకుని చుట్టూ నెమ్మదిగా తిప్పాను. మూడు వైపులా పొగ నిలువుగా లేచింది. పడమటి వైపు, తలుపుకు ఎదురుగా, పొగ ఒక్కసారిగా వంగి నేలకు సమాంతరంగా తూర్పుకు పాకింది. తలుపు కింద ముప్పావు అంగుళం సందు ఉంది. అందులో గోనెసంచి మడిచి కుక్కాను. గోడ పైన రేకు కింద ఉన్న సందును మాత్రం ముట్టుకోలేదు; తేమ, చెడుగాలి పోయే దారి అదే. పావుగంటలో పిల్లలు సర్దుకున్నాయి.

*4వ రోజు.* రెండు పిల్లల కాళ్లు చెరోపక్కకు జారిపోయి, నిలబడలేకపోతున్నాయి. కారణం పత్రికలు, ముఖ్యంగా ఆదివారం అనుబంధం నున్నటి కాగితం. లేత కాళ్లకు పట్టు దొరకక కీళ్లు పక్కకు పోతాయి. కాగితాలన్నీ తీసేసి, బదులుగా గరుకు వైపు పైకి వచ్చేలా ముడతల అట్ట పరిచాను. రెండింటి కాళ్లను అంగుళం ఎడంతో బ్యాండేజీ పట్టీతో కలిపి కట్టాను. ఒకటి మూడు రోజుల్లో నడిచింది. రెండోది నీళ్ల దాకా వెళ్లలేక 6వ రోజున పోయింది.

*5వ రోజు.* రాత్రి 1 గంటా 40 నిమిషాలు కరెంటు పోయింది. నేను చేసిన పనుల్లో పెద్ద తప్పు ఇదే. ఇంట్లో అందరూ చేసేదేనని బొగ్గుల కుంపటి రాజేసి చిక్‌గార్డు పక్కన పెట్టి, చలి రాకుండా పైనున్న సందుకు కూడా దుప్పటి కట్టాను. అరగంటకు నాకే తల బరువెక్కింది. పిల్లలు అరవడం మానేసి మెడలు వాల్చాయి. కుంపటిని బయటికి తీసి తలుపు బార్లా తెరిచాక పది నిమిషాలకు అరుపులు మొదలయ్యాయి. మూసిన గదిలో బొగ్గులు కాల్చితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. చలికంటే అదే ముందు చంపుతుంది, పిల్లల్నీ మనల్నీ కూడా.

మర్నాడు చేసుకున్న ఏర్పాటు:
1. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు నాలుగింటిలో వేడినీళ్లు పోసి మూత బిగించాలి.
2. ఒక్కోదానికి పాత బనియన్ గుడ్డ చుట్టి, హోవర్ కింద పక్కపక్కన పడుకోబెట్టాలి.
3. బేసిన్ మీద గోనెసంచి కప్పాలి, అదీ బల్బులన్నీ ఆరి చల్లబడ్డాకే. కరెంటు రాగానే ముందు సంచి తీయాలి.
4. గంటకోసారి నీళ్లు మార్చాలి.

మొదటిసారి మరిగే నీళ్లు పోశాను. సీసా నడుం లోపలికి పీల్చుకుపోయి, మూత దగ్గర కారి, ఊక తడిసింది. చేయి ముంచితే చురుక్కుమనేంత వేడి చాలు. ఈ ఏర్పాటును తర్వాత రెండుసార్లు వాడాను, రెండుసార్లూ పిల్లలు సీసాలకు ఆనుకుని పడుకున్నాయి.

7వ రోజున లసోటా టీకా కంటిలో చుక్కగా వేశాను. కొక్కెర తెగులుకు ఇది. మారెక్స్ అనే మరో రోగానికి టీకా పుట్టిన చోటే వేసి పంపారు. సగటు బరువు వచ్చిన రోజు 38 గ్రాములు, ఇప్పుడు 68.

*ఇప్పటివరకు: పిల్లలు 47. కరెంటు 38 యూనిట్లు. దాణా 4 కిలోలు. టీకాలు, విటమిన్లకు మొత్తం నాలుగు వారాలకు 360, ఖర్చు 6,275.*

దశ 5: రెండో వారం

చెప్పుకోవడానికి తక్కువే ఉంది. ఒక బల్బు తీసేశాను. ఒకటి నేరుగా, రెండు థర్మోస్టాట్ మీద, లక్ష్యం 32. అట్టల అతుకు విప్పి మరో రెండు ముక్కలు చేర్చి వృత్తాన్ని 6 అడుగులకు పెంచాను. రెక్కల ఈకలు వస్తున్నాయి. డ్రింకర్లను హోవర్ కింద నుంచి అంచుకు మార్చి, ఒక్కోదాన్ని ఇటుక మీద పెట్టాను. అంతకుముందు గంటకోసారి నీళ్లలో ఊక తేలేది. 14వ రోజున గంబోరో అనే ఇంకో రోగానికి టీకా వేశాను. పండగ కావడంతో టీకాను చల్లగా ఉంచే ఐసు కోసం రెండు వీధులు తిరగాల్సి వచ్చింది. సగటు బరువు 135.

*ఇప్పటివరకు: పిల్లలు 47. కరెంటు 57 యూనిట్లు. దాణా 11 కిలోలు.*

దశ 6: మూడో వారం, తడి ఊక

పగలు బల్బులు అక్కర్లేదు. రాత్రికి రెండు, రెండూ థర్మోస్టాట్ మీదే, లక్ష్యం 29. మొదటి రాత్రి పాఠం గుర్తుండి, విడిగా ఒక ఎల్‌ఈడీ జీరో బల్బు 40 రూపాయలకు కొని రాత్రంతా వెలిగేలా పెట్టాను.

17వ రోజున నిలబడి చూస్తే గదిలో ఏ వాసనా లేదు. మోకాళ్ల మీద కూర్చుని తల ఊక దాకా వంచితే కళ్లు మండాయి. థర్మామీటరు విషయంలో చేసిన తప్పునే ముక్కుతోనూ చేశాను: పిల్లలు పీల్చే గాలిని వాటి ఎత్తులో చూడలేదు. డ్రింకర్ల చుట్టూ ఊక పిడికిట్లో నొక్కితే ముద్దగా నిలిచింది. ఈ వయసులో తడి ఊకలోనే రక్తపారుడు పుడుతుంది, వెచ్చదనం దానికి తోడు. తడిసిన ఊకను చేటతో ఎత్తి బయట పోసి, మిగిలిన దాని మీద పొడి సున్నం పల్చగా చల్లి తిరగేసి, పైన కొత్త ఊక వేశాను. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే ఊకను తిరగేయడం, డ్రింకరు ఇటుకల చోటు మార్చడం. రెట్టలో రక్తం కనబడలేదు.

*ఇప్పటివరకు: పిల్లలు 47. సగటు బరువు 225. కరెంటు 68 యూనిట్లు. దాణా 21.5 కిలోలు. ఖర్చు 6,315.*

దశ 7: నాలుగో వారం, వేడి మాన్పించడం

చిక్‌గార్డు తీసేసి గది మొత్తం వదిలాను. రాత్రికి ఒకే బల్బు. 24వ రోజున, ఈకలు నిండాయి కదా అని దాన్ని కూడా ఆపాను. ఆ తెల్లవారుజామున గది 9 డిగ్రీలకు పడింది. చనిపోలేదు కానీ, మర్నాడు దాణా తక్కువ తిన్నాయి, ఇద్దరు ముగ్గురు తుమ్మారన్నట్టు అక్కడక్కడా చీదడం వినిపించింది. బల్బు తిరిగి పెట్టి, క్యాలెండరును కాక రాత్రి ఉష్ణోగ్రతను చూసి ఆపాలని రాసుకున్నాను: గది 15 కంటే పైన ఉన్న రాత్రి మాత్రమే ఆపడం. 26వ రోజున నేలకు అడుగు ఎత్తున ఒక వెదురు కర్ర అడ్డంగా కట్టాను. 28వ రోజున రెండో లసోటా.

లెక్క: కరెంటు 73 యూనిట్లు, మా బిల్లులో యూనిట్ సుమారు 5 రూపాయల చొప్పున 365. మొత్తం ఖర్చు 6,680; బతికిన 47కి పంచితే ఒక్కో పిల్లకు 142. ఇందులో ఇంకా వాడని 15 కిలోల దాణా కూడా ఉంది. సగటు బరువు 345 గ్రాములు.

వచ్చే విడతకు మార్చబోయేవి: గొలుసులకు రెండు ఎత్తుల దగ్గర గుర్తులు వేయడం, మొదటి రోజు నుంచే ముడతల అట్ట, రెండో థర్మోస్టాట్‌తో మధ్యాహ్నం నేరుగా వెలిగే బల్బుల్లో ఒకదాన్ని ఆపడం.

28వ రోజు రాత్రి రెండింటికి చివరిసారి చూశాను. గది 16 డిగ్రీలు. పదకొండు పిల్లలు వెదురు కర్ర మీద వరుసగా కూర్చున్నాయి, మిగతావి దాని కింద ఊకలో. బేసిన్ కింద వెలుగు పడిన చోట ఒక్కటీ లేదు. ప్లగ్గు పీకేశాను.